నల్ల కారు నిండా స్వర్ల్ మార్క్స్, ఇంట్లోనే పాలిష్ చేసుకోవచ్చా?

నల్లకారు_అజయ్
బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, కారు నలుపు, కొని మూడేళ్లు కూడా నిండలేదు. నీడలో చూస్తే బానే ఉంటది, ఎండలోకి తీస్తే బానెట్ నిండా సన్నటి గుండ్రటి గీతలు, రాత్రిపూట పెట్రోల్ బంకు లైట్ల కింద అయితే చూడబుద్ధే కావట్లేదు. డ్రైవర్ సైడ్ వెనక డోర్ మీద పొడుగ్గా ఇంకో గీత ఉంది, ఎవరి బ్యాగు జిప్పో రాసుకుంటూ పోయినట్టుంది. డీటెయిలింగ్ షాపులో అడిగితే ఉత్త పాలిష్ చెయ్యం, సెరామిక్ కోటింగ్‌తో కలిపే చేస్తాం అని ఇరవై రెండు వేలు చెప్పారు. ఇంకో చోట రబ్బింగ్ పాలిష్ అని పదిహేను వందలకి చేసిచ్చారు, కొన్నాళ్లు తళతళలాడింది, రెండు వాష్‌లు పడేసరికి గీతలన్నీ మళ్లీ ప్రత్యక్షం, పైగా ముందు లేని పొగ మచ్చలు కొత్తగా వచ్చినాయి. ఇక నేనే చేసుకుందాం అనుకుంటున్నా. చేత్తో అవుద్దా, మెషీన్ కొనాల్సిందేనా? స్వయంగా చేసుకున్నవాళ్లు చెప్పండి, వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కింది, ఒక్కొక్కడూ ఒక్కోటి చెప్తాడు.

మదనపల్లి_మధు
వాష్ పడగానే మళ్లీ కనపడినాయంటే గీతలు పోలేదప్పా, కప్పెట్టినారు అంతే. ఆ చౌక పాలిష్‌లలో నూనె, మైనం ఉంటాయి, పోయి గీతలో కూర్చుంటాయి, షాంపూ తగలగానే కొట్టుకుపోతాయి. పొగ మచ్చలు మాత్రం రోటరీ మెషీన్‌కి ఉన్ని ప్యాడ్ పెట్టి గబగబా లాగేసినందుకు వచ్చినవి, హోలోగ్రామ్స్ అంటారు వాటిని.

డీఏ_శీను
మధు చెప్పింది కరెక్ట్. మెషీన్ సంగతి తర్వాత, ముందు రెండు టెస్టులు చెయ్ అజయ్. ఒకటి, ఆ జిప్పు గీత మీద గోరు అడ్డంగా లాగు. గోరు ఆగకుండా జారిపోతే అది క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) పైపైనే ఉన్నట్టు, పాలిష్‌తో పోద్ది, లేదా బాగా తగ్గుద్ది. గోరు తట్టుకుంటే మాత్రం దాన్ని పూర్తిగా తీసేద్దాం అనుకోవద్దు.

రెండోది, రాత్రి చీకట్లో ఫోన్ టార్చ్ బానెట్ మీద పట్టుకుని చూడు. గీతలు టార్చ్ చుట్టూ గుండ్రంగా కనపడతాయి, టార్చ్ జరిపితే ఆ గుండ్రం కూడా జరుగుద్ది. నిజానికి అవి గుండ్రటి గీతలు కావు, అన్ని వైపులకీ అడ్డదిడ్డంగా పడ్డ గీతలే, వాటిల్లో వెలుగుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి, అందుకే కంటికి అట్లా అనిపిస్తాయి. ఇదెందుకు చెప్తున్నా అంటే, గుండ్రంగా తుడవకుండా నిలువుగా తుడిస్తే గీతలు పడవు అని చాలామంది నమ్ముతారు. బట్టలో ఇసుక రేణువు ఉంటే ఏ వైపు తుడిచినా గీత పడుద్ది.

పెయింట్_బాబాయ్
నేను బాడీ షాపులో, పెయింట్ బూత్‌లో పని చేసి రిటైరైనవాణ్ణి. రుద్దే ముందు దేన్ని రుద్దుతున్నారో తెలుసుకోండి బాబూ. రేకు మీద తుప్పు పట్టకుండా ఈడీ కోట్, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన క్లియర్. కంపెనీ పెయింట్ మొత్తం కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు, అందులో క్లియర్ కోట్ 40 అటూ ఇటూ. మనిషి తల వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే మీ చేతిలో ఉన్నది వెంట్రుక మందం కూడా కాదు. ఎండకి రంగు వెలిసిపోకుండా ఆపే మందు ఆ పొరలోనే కలిపి ఉంటుంది. పాలిష్ చేస్తే గీత పూడదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ అరిగి సమం అవుతుంది, అందుకే గీత కనపడదు. అరిగింది మళ్లీ పెరగదు. మెల్లగా చేస్తే ఒకటి రెండు మైక్రాన్లతో పోతుంది, భయపడక్కర్లేదు. కానీ ఏటేటా చేసే పని కాదు ఇది.

ఓరుగల్లు_కిరణ్
ఇంట్ల డ్రిల్లు ఉంటది కదా అన్నా, దానికి వెల్క్రో ప్యాడ్ అటాచ్‌మెంట్ మూడు నాలుగొందలకే వస్తది. గదే పెట్టి చేస్కుంటే అయిపాయె, వేలు పోసి మెషీన్ ఎందుకు?

డీఏ_శీను
వద్దు కిరణ్, బతిమాలి చెప్తున్నా. డ్రిల్లు అంటే ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగేది, అంటే రోటరీనే, అది కూడా పట్టు సరిగ్గా కుదరని రోటరీ. కొంచెం వాలితే ప్యాడ్ అంచు ఒక్కటే పెయింట్‌కి ఆనుద్ది, అక్కడ వేడి పుడుద్ది, క్లియర్ కాలిపోద్ది. డీఏ అంటే డ్యూయల్ యాక్షన్ మెషీన్, అందులో ప్యాడ్ తిరుగుతూనే పక్కలకి ఊగుద్ది కూడా, చెయ్యి బరువు ఎక్కువైతే తిరగడమే ఆగిపోద్ది. పెయింట్ కాల్చాలన్నా అంత తేలిగ్గా కాలదు. కొత్తవాళ్లకి డీఏ ఎందుకు చెప్తారంటే ఇందుకే.

ఓరుగల్లు_కిరణ్
సమజైంది. డ్రిల్లు గోడకే ఉండనీ.

గుంటూరు_గోపి
టూత్‌పేస్టుతో పోతాయని మా ఆఫీసులో ఒకడు చూపించాడు, నిజంగానే పోయింది అక్కడ.

పెయింట్_బాబాయ్
టూత్‌పేస్టులో సుద్దలాంటి గరుకు పొడి ఉంటుంది గోపీ, చిన్న గీత మీద కొంచెం పనిచేస్తుంది. కానీ అది పళ్ల కోసం చేసింది, రేణువు సైజు పెయింట్‌కి తగ్గట్టు ఉండదు. నలుపు మీద వాడితే ఒక గీత పోయి వంద మసక గీతలు వస్తాయి. వంద రూపాయల పేస్టు బదులు చిన్న ట్యూబు ఫినిషింగ్ పాలిష్ కొనుక్కో.

సుజాత_కోరమంగళ
అందరూ పాలిష్ దగ్గరే ఆగిపోయారు. అజయ్, ఆ గీతలు ఎక్కడి నుంచి వచ్చాయో ముందు అది చెప్పు. రోజూ ఎవరు తుడుస్తున్నారు నీ కారు?

నల్లకారు_అజయ్
అపార్ట్‌మెంట్‌కి పొద్దున్నే వచ్చి తుడిచి వెళ్తాడక్కా, నెలకి ఆరొందలు. పక్క వాళ్లందరికీ అతనే. ఆదివారం నీళ్లు పోసి కడుగుతాడు, మిగతా రోజులు తడి బట్ట.

సుజాత_కోరమంగళ
అదే అనుకున్నా. మా దగ్గర తుడిచే అన్న ఆదోని వైపు నుంచి వచ్చాడు, తెల్లారకముందే మొదలుపెట్టి ఆఫీసులకి వెళ్లేలోపు బేస్‌మెంట్ మొత్తం ముగించాలి. చేతిలో ఒకటే బకెట్టు, ఒకటే బట్ట. ఒకరోజు ఆ బకెట్టు వంపి చూశా, అడుగున వేలి మందాన బురద ఇసుక పేరుకుని ఉంది. బట్టని అందులోనే ముంచి, పిండి, నా కారు మీద పెడుతున్నాడు. అది రింగ్ రోడ్డు మెట్రో పనుల దుమ్ము, రాతి పొడి, సిమెంటు. దాంతో ఏడాది పొడుగూ రోజూ రుద్దితే ఏ పెయింటైనా ఇంతే.

నువ్వు రెండు రోజులు కూర్చుని పాలిష్ చేసి సోమవారం మళ్లీ అదే బట్ట కింద పెట్టావనుకో, ఉగాదికి మళ్లీ ఇదే పోస్టు పెడతావు. క్లియర్ మాత్రం కొంచెం తగ్గి ఉంటుంది.

మదనపల్లి_మధు
మాన్పించేయడమే. నేను ఎప్పుడో మాన్పించినా.

నెల్లూరు_నాని
ఎందుకు మాన్పించాలబ్బా? ఆరొందలకి రోజూ వచ్చే మనిషి అతను, మనం ఇచ్చిన నీళ్లు అవి, మనం పడేసిన పాత లుంగీ ముక్క అది. తప్పంతా అతని నెత్తిన వేస్తే ఎట్టా?

మదనపల్లి_మధు
తప్పు వేయడం కాదు నానీ. చెప్పి చూసినా, వారం రోజులు వినేది, మళ్లీ అలవాటుకి తుడిచేసేది. నా కారు నాకు ముఖ్యం.

సుజాత_కోరమంగళ
మా అన్నకి నేను చెప్పలేదు మధూ, చూపించాను. సాయంత్రం డబ్బులకి వచ్చినప్పుడు టార్చ్ వేసి బానెట్ చూపించా, తను తుడవని పార్కింగ్ స్టిక్కర్ తీసి దాని కింద పెయింట్ చూపించా, తేడా తనకే కనపడింది. ఇప్పుడు బాడీ ముట్టుకోడు. అద్దాలు, చక్రాలు, లోపల మ్యాట్లు చేస్తాడు, డబ్బులు ముందు ఎంతో ఇప్పుడూ అంతే. బాడీ వారానికి ఒకసారి నేనే చూసుకుంటా. పక్క ఫ్లాట్ల వాళ్లకి కూడా ఇప్పుడు తనే చెప్తున్నాడు, మేడమ్ పొడి మీద తుడిస్తే గీత పడుతుంది అని.

నల్లకారు_అజయ్
ఇది బాగుందక్కా, రేపే మాట్లాడతా. కానీ వారానికోసారి కడగడానికి మా బేస్‌మెంట్‌లో పైపు పెట్టనివ్వరు. నీళ్ల కరువు అప్పటి నుంచి అసోసియేషన్ చాలా స్ట్రిక్ట్.

డీఏ_శీను
2024 మార్చిలో నీటి బోర్డు తాగునీళ్లతో కార్లు కడిగితే 5000 ఫైన్ అని పెట్టింది కదా, మా దగ్గర కూడా అప్పుడే పైపులు తీసేశారు. రిన్స్‌లెస్ వాష్ అలవాటు చేసుకో. బకెట్టు నీళ్లలో రిన్స్‌లెస్ షాంపూ కలుపుతావు, ఆప్టిమమ్ నో రిన్స్ అయితే లీటరుకి 4 ఎంఎల్ చాలు. ముందు అదే నీళ్లు స్ప్రేతో ప్యానెల్ తడిపి రెండు నిమిషాలు నాననివ్వు. తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ నాలుగు మడతలు పెట్టి, తడిగా, నొక్కకుండా, ఒక వైపుకి లాగు. మడత మార్చు. బట్టలో ఒకసారి వాడిన వైపు మళ్లీ పెయింట్‌కి తగలకూడదు, వాడిన బట్ట మళ్లీ బకెట్టులో ముంచకూడదు. పైనుంచి కిందకి రా, కింది డోర్ల బురద ఆఖర్న. కారు మొత్తం ఒక బకెట్టులో అయిపోద్ది. వానాకాలం బురద గడ్డ కట్టి ఉంటే మాత్రం ఇది వద్దు, ప్రెషర్ వాష్‌కి తీసుకెళ్లి చెయ్యి పెట్టనివ్వకుండా ఉత్త నీళ్లు కొట్టించుకుని రా.

గుంటూరు_గోపి
డాష్ కింద పెట్టుకునే కుంచె డస్టర్ సంగతేంటి? రోజూ దాంతోనే దులుపుతా నేను.

డీఏ_శీను
పొడి దుమ్ము మీద ఏది లాగినా గీతే గోపీ. దుమ్ముతో తిరిగితే కారుకి ఏం కాదు, వారం ఆగు.

చెన్నై_చందు
వేళచ్చేరి నుంచి. మాకు దుమ్ము కంటే నీళ్ల మచ్చలు పెద్ద తలనొప్పి. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లటి చుక్కలు, వాటిని గీతలు అనుకుని కాంపౌండ్, అంటే గరుకు పాలిష్ పేస్టు, పెట్టి రుద్దేవాళ్లని చూశా. ముందు వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి బట్టతో అద్ది, నిమిషం ఉంచి కడిగేయండి. పైన పేరుకున్న ఉప్పు అయితే దానికే కరుగుద్ది. కరగకుండా గుంట పడి ఉంటే అప్పుడు పాలిష్. పిట్ట రెట్ట కూడా అంతే, ఎండలో రెండు రోజులు వదిలేస్తే క్లియర్‌ని తినేస్తది.

సుజాత_కోరమంగళ
పాలిష్‌కి ముందు ఇంకో పని. కడిగి ఆరిన తర్వాత చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద తేలిగ్గా నిమిరి చూడు. ఉత్త చేతికి నున్నగా తగిలేది కవర్‌తో గరగరమంటుంది. బ్రేకుల నుంచి లేచిన ఇనుప రజను, తారు చుక్కలు, చెట్ల జిగురు, మా వీధిలో కానుగ చెట్లు ఎక్కువ. అది తీయకుండా ప్యాడ్ పెడితే అదంతా ప్యాడ్‌లోకి ఎక్కి కొత్త గీతలు పెడుతుంది. తారుకి టార్ రిమూవర్, ఇనుముకి ఐరన్ రిమూవర్, అది కొట్టగానే చుక్కలు చుక్కలుగా ఊదా రంగు కారుతుంది, చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. ఆ తర్వాత క్లే బార్, అంటే మురికిని లాగే మెత్తటి బంకముద్ద, బాగా షాంపూ నీళ్లు చల్లి జారేలా. క్లే కింద పడిందా, తీసి చెత్తబుట్టలో వేసేయ్, కడిగి వాడదాం అనుకోకు.

నల్లకారు_అజయ్
ఇన్ని ఉన్నాయా బాబోయ్. సరే, మెషీన్ చెప్పండి. బడ్జెట్ మొత్తం కలిపి పన్నెండు వేలు. జేసీ రోడ్డులో చూడనా, ఆన్‌లైనా?

డీఏ_శీను
చేత్తో అయ్యే పని కాదు ఇది, జిప్పు గీత దగ్గర చేత్తో చేసుకో, కారు మొత్తం అంటే భుజాలు పోతాయి, సమంగా కూడా రాదు. డీఏ మెషీన్లు ఆరేడు వేల నుంచి ఉన్నాయి. నీకు 15 ఎంఎం త్రో (ప్యాడ్ పక్కలకి ఊగే వెడల్పు), 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అంటించే పళ్లెం) చాలు. 21 ఎంఎం తీసుకోకు, వంపుల దగ్గర అదుపు కష్టం. రూపెస్ లాంటి పెద్ద బ్రాండ్లు బంగారం, కానీ ఒక్క కారుకి అంత అక్కర్లేదు. 900 వాట్ల మెషీన్ కూడా నాలుగు ఆంపియర్లే లాగుద్ది, మామూలు సాకెట్ సరిపోద్ది, ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం మంచిది తీసుకో.

మిగతా డబ్బు ప్యాడ్ల మీద పెట్టు. పాలిషింగ్ ఫోమ్ కనీసం నాలుగు, కట్టింగ్ ప్యాడ్ రెండు, ఫినిషింగ్ రెండు. అందరూ మెషీన్ గొప్పది కొని ప్యాడ్ ఒకటే కొంటారు, అది సగం కారుకే కాంపౌండ్ పీల్చుకుని, వేడెక్కి, వెల్క్రో ఊడి వచ్చేస్తది. కాంపౌండ్ కట్టింగ్‌కి, అంటే గీతలు అరగదీయడానికి ఒకటి, ఫినిషింగ్‌కి, అంటే చివరి మెరుపుకి ఒకటి. కట్టింగ్‌కి మెగ్వైర్స్ 105, ఫినిషింగ్‌కి 205, ఆ జత పాతదే అయినా దొరుకుద్ది, మెంజెర్నా అయినా సరే.

మదనపల్లి_మధు
జేసీ రోడ్డులో మెషీన్ దొరుకుతుంది కానీ కాంపౌండ్ పెద్ద డబ్బా నుంచి చిన్న సీసాలో పోసి ఇస్తారు కొందరు, ఏ గ్రేడో తెలీదు. సీలు ఉన్న సీసానే తీసుకో.

నెల్లూరు_నాని
చెన్నైలో వాళ్లకి జీపీ రోడ్డు. అక్కడ కూడా మధు చెప్పిందే వర్తిస్తది.

హెచ్ఎస్ఆర్_హర్ష
ఇంత కష్టం ఎందుకు, నేను సెరామిక్ కొట్టించేశా, 9హెచ్, గీతలు పడనే పడవు అన్నారు. నలుపే నాదీ.

పెయింట్_బాబాయ్
9హెచ్ అంటే పెన్సిల్ గట్టిదనం కొలత హర్షా, పెన్సిల్ ములికి గీత పడలేదు అని అర్థం. రోడ్డు దుమ్ములో ఉండేది రాతి పొడి, పెన్సిల్ కంటే ఎంతో గట్టిది. సెరామిక్ మంచిదే, నీళ్లు నిలవవు, మురికి తేలిగ్గా పోతుంది, రసాయనాలు తట్టుకుంటుంది. గీతలు పడకుండా ఆపేది మందంగా ఉండే పీపీఎఫ్, అంటే పెయింట్ మీద అంటించే పారదర్శక ప్లాస్టిక్ ఫిల్మ్, దాని ఖర్చు వేరు. ఇంకో సంగతి, కింద గీతలు తీయకుండా పైన సెరామిక్ కొడితే గీతలు లోపల ఉండిపోతాయి, తర్వాత తీయాలంటే కోటింగ్ కూడా అరగదీయాలి. నీకు కొట్టే ముందు పాలిష్ చేశారా?

హెచ్ఎస్ఆర్_హర్ష
రెండు గంటల్లో కారు ఇచ్చేశారు బాబాయ్, ఇప్పుడు డౌటొస్తోంది.

సుజాత_కోరమంగళ
రెండు గంటల్లో కడిగి, తుడిచి, పాలిష్ చేసి, కోటింగ్ వేసి ఆరబెట్టడం కుదరదు. రాత్రి టార్చ్ వేసి చూసుకో హర్షా, గీతలుంటే ఫోటోలు తీసి వెళ్లి అడుగు, బిల్లులో పెయింట్ కరెక్షన్ అని రాసి ఉంటే చేయాల్సిందే.

నల్లకారు_అజయ్
మెషీన్, ప్యాడ్లు వచ్చాయి. శీను అన్నా, స్టెప్పులు చెప్పవా, శనివారం మొదలుపెడతా. బేస్‌మెంట్‌లో ఛార్జింగ్ పాయింట్ వాడుకోవడానికి సెక్రటరీ ఒప్పుకున్నాడు.

డీఏ_శీను
నిదానంగా చదువు.

ప్లాస్టిక్ పట్టీలు, రబ్బరు బీడింగులు, బ్యాడ్జీ, హెడ్‌లైట్ అంచులు మాస్కింగ్ టేపు వెయ్. నల్ల ప్లాస్టిక్‌కి కాంపౌండ్ అంటితే ఆరి తెల్లగా పట్టుకుంటది, వదలదు. బానెట్ అంచులు, డోర్ల మీద రేకు మడత అంచులు, వాటి మీద కూడా సన్నగా టేపు వెయ్, అక్కడ క్లియర్ పల్చగా ఉంటది, మొదట పోయేది అక్కడే.

బ్యాకింగ్ ప్లేట్ అంచు మీద మార్కర్‌తో ఒక నిలువు గీత గియ్. మెషీన్ ఆడుతున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనపడాలి. గీత ఒకేచోట నిలబడి వణుకుతోందంటే ప్యాడ్ ఊగుతోంది కానీ తిరగట్లేదు, అంటే గీతలేమీ పోవట్లేదు. నొక్కుడు తగ్గించు, లేదా ప్యాడ్ వాలింది సరిచెయ్. వంపుల దగ్గర ఇది మాటిమాటికీ అవుద్ది. దీని మీద కన్ను ఉంటే సగం పని వచ్చేసినట్టే.

బానెట్ మీద రెండడుగుల చదరం టేపు కట్టుకో, అది టెస్ట్ స్పాట్. ముందు ఫినిషింగ్ పాలిష్, పాలిషింగ్ ఫోమ్‌తో చూడు. దానితో పోతే చాలు, కట్టింగ్ జోలికి వెళ్లకు. కొత్త ప్యాడ్ మొత్తానికి పల్చగా పాలిష్ పట్టించు, తర్వాత నుంచి శనగగింజంత చుక్కలు నాలుగు చాలు. ప్యాడ్ పెయింట్ మీద ఆనించాకే స్విచ్ వెయ్, లేకపోతే గోడలన్నీ చుక్కలే. తక్కువ స్పీడులో పరిచి, తర్వాత డయల్ 4 లేదా 5కి పెంచి, సెకనుకి అంగుళం చొప్పున జరుపు. అవును అంత మెల్లగానే. ఒక వరస మీద ఇంకో వరస సగం ఎక్కేలా, ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా, అట్లా నాలుగైదు సార్లు. మెషీన్ బరువుకి కొంచెం చెయ్యి బరువు, అంతే.

తుడిచాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో పలచగా కలిపి కొట్టి మళ్లీ తుడువు. పాలిష్‌లో నూనె గీతల్ని దాస్తది, నీకు పదిహేను వందల పాలిష్‌లో జరిగింది అదే. నూనె పోయాక టార్చ్ వేసి చూస్తేనే అసలు సంగతి. ఒక్కో చదరం అయ్యాక ప్యాడ్‌ని బ్రష్‌తో దులుపు.

చెన్నై_చందు
శీను పోస్టుకి ఒకటి కలుపుతా. ప్యానెల్ చేత్తో తాకితే చల్లగా ఉండాలి. ఇక్కడ మే నెలలో స్టిల్ట్ పార్కింగ్‌లో కూడా పదకొండు దాటితే పాలిష్ సగంలోనే ఎండి పొడి రాలుతది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేస్తా నేను. బంపర్ ప్లాస్టిక్ కదా, వేడి బయటకి పోదు, అక్కడ స్పీడు తగ్గించండి.

గుంటూరు_గోపి
సెకండ్ హ్యాండ్ కారైతే? నాది కొన్నప్పుడే ఒక ఫెండర్ రంగు కాస్త తేడాగా ఉంది.

పెయింట్_బాబాయ్
పెయింట్ మందం కొలిచే గేజ్ ఎవరి దగ్గరైనా అడిగి పట్టించు. 100 నుంచి 140 అంటే కంపెనీ పెయింట్, 200 దాటితే మళ్లీ వేసింది, ఇంకా బాగా ఎక్కువ వస్తే కింద పుట్టీ ఉంది. అల్యూమినియం బానెట్‌కి దానికి తగ్గ గేజ్ కావాలి, బంపర్ మీద మామూలు గేజ్ పనిచేయదు. 80 కంటే తక్కువ చూపిస్తే ఎవరో ముందే బాగా రుద్దేశారని, ముట్టుకోకు. మళ్లీ వేసిన పెయింట్ మందంగా ఉంది కదా అని ధీమా వద్దు, దాని గట్టిదనం కంపెనీ పెయింట్‌కి సాటిరాదు, ఓవెన్ వేడి అంత పడదు కాబట్టి. రుద్దినప్పుడు బట్టకి కారు రంగే అంటిందనుకో, అక్కడే ఆపు. పాత సాలిడ్ కలర్ కార్లలో పైన క్లియర్ లేకుండా రంగే ఉండేది, అది అయితే పర్వాలేదు. మెటాలిక్ కారులో రంగు అంటిందంటే క్లియర్ అయిపోయినట్టు.

నల్లకారు_అజయ్
టెస్ట్ స్పాట్ అయింది. ఫినిషింగ్ పాలిష్‌తో సగానికి పైన పోయినాయి, మిగిలినవి పోలేదు. 105 పెట్టి ఒకసారి, మళ్లీ 205తో ఒకసారి చేశా, ఆల్కహాల్ కొట్టి చూస్తే టార్చ్ కింద నల్లటి నలుపు, పొగ మచ్చలు కూడా పోయినాయి. టేపు తీశాక అవతలి సగం, ఇవతలి సగం చూసి మా నాన్న ఇది ఒకే కారేనా అన్నాడు. మార్కర్ గీత ట్రిక్ లేకపోతే నాకు అస్సలు తెలిసేది కాదు, మొదట్లో అసలు తిరగట్లేదు ప్యాడ్.

సుజాత_కోరమంగళ
సూపర్! నడుము జాగ్రత్త, ఒక్కరోజులో అవ్వదు. రూఫ్ ఒక పూట, డోర్లు ఒక పూట పెట్టుకో.

మదనపల్లి_మధు
ఒకటి చెప్తా కోప్పడొద్దు. టార్చ్ కింద ఒక్క గీత కూడా లేకుండా చేయాలని కూర్చోవద్దు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో బైకుల మధ్య తిరిగే కారు ఇది. పదిలో ఎనిమిది పోతే చాలు, మిగతా రెండింటి కోసం ఇంకో రౌండు కాంపౌండ్ దండగ.

డీఏ_శీను
నేను తొమ్మిది అంటా మధూ, నలుపుకి ఎనిమిది చాలదు.

పెయింట్_బాబాయ్
మధు మాటే నాది. మిగిలిన క్లియర్ ఇంకో పదేళ్లు ఎండకి నిలబడాలి.

నల్లకారు_అజయ్
బాబాయ్ మాట వింటా. డోర్ మీద జిప్పు గీతకి గోరు ఆగుతోంది. ఏం చేయను?

పెయింట్_బాబాయ్
గీత లోపల రంగు నలుపే కనపడుతోందా, తెల్లగా ప్రైమర్ కనపడుతోందా? నలుపే అయితే పాలిష్‌తో దాని అంచులు నునుపు చెయ్, లోతు అలాగే ఉంటుంది కానీ వెలుగు పట్టదు, ఆరడుగుల దూరం నుంచి కనపడదు. ప్రైమర్ కనపడితే కారు కలర్ కోడ్ చూసి టచప్ పెయింట్ తెప్పించుకుని, సన్న కుంచెతో గీతలో మాత్రమే నింపు. వాటర్ పేపర్ పెట్టి రుద్దే పని మాత్రం నువ్వు చెయ్యకు, 2000 నంబరు పేపరైనా సరే, అది చెయ్యి అలవాటైనవాళ్ల పని.

నల్లకారు_అజయ్
నలుపే బాబాయ్. అయితే అంచులు చేసి వదిలేస్తా. చివర్లో వ్యాక్సా, సీలెంటా?

సుజాత_కోరమంగళ
ఏదో ఒకటి వెయ్యి, వట్టిగా వదలకు. నేను సింథటిక్ సీలెంట్ స్ప్రే వాడతా, రిన్స్‌లెస్ వాష్ తర్వాత తడి మీదే కొట్టి తుడిచేస్తే అయిపోతుంది. కార్నూబా మైనం నలుపు మీద బాగుంటుంది కానీ మన ఎండలకి తొందరగా పోతుంది.

బుల్లెట్_రాజా
బైకు ట్యాంకుకి కూడా ఇదే మెషీన్ వాడొచ్చా? ఇంకోటి, మా నాన్న పాత కారు హెడ్‌లైట్లు పచ్చబడిపోయినాయి, వాటికి ఈ కాంపౌండే పని చేస్తదా?

డీఏ_శీను
ట్యాంకుకి 5 అంగుళాలు పెద్దది రాజా, వంపులో కూర్చోదు. 3 అంగుళాల ప్లేట్ పెట్టు, లేదా చేత్తో, వేలితో కాదు, ఫోమ్ అప్లికేటర్‌తో. వేళ్ల నొక్కుడు సమంగా పడదు. స్టిక్కర్ మీద క్లియర్ లేకపోతే అంచులు లేచిపోతాయి, చూసుకో.

నెల్లూరు_నాని
హెడ్‌లైట్ నేను చేశా మా నాయన కారుకి. అది పాలీకార్బోనేట్, పైన కంపెనీ వేసిన యూవీ కోటింగ్ ఎండకి చచ్చిపోయి పచ్చబడతది. కాంపౌండ్ ఒక్కటే అయితే పైపైన తెల్లబడతది అంతే. చుట్టూ టేపు వేసి 1000, 2000, 3000 నంబరు వాటర్ పేపర్లు వరసగా నీళ్లతో రుద్ది, పచ్చటి నీళ్లు కారడం ఆగేదాకా, తర్వాత కాంపౌండ్. అద్దంలా వచ్చింది కదా అని అక్కడితో వదిలేయొద్దు, యూవీ క్లియర్ స్ప్రే కొట్టాల్సిందే. కొట్టకపోతే కొన్ని నెలలకే మళ్లీ పచ్చబడి ముందుకంటే ఘోరంగా తయారవుతది.

బుల్లెట్_రాజా
యూవీ స్ప్రే కూడా తెప్పిస్తా. అజయ్ బ్రో, మీ పని అయ్యాక మెషీన్ ఒక్క ఆదివారం ఇస్తారా? నేను కుందలహళ్లి గేట్ దగ్గరే, ప్యాడ్లు నేనే కొనుక్కుంటా.

నల్లకారు_అజయ్
తీసుకెళ్లు బ్రో, మెసేజ్ పెట్టు.